జనగామ పాఠంలో లేని మాట

జనగామ,
10 ఫిబ్రవరి 2025

ప్రియమైన చెల్లె కనకలక్ష్మికి,

అక్కడ అందరూ క్షేమమని తలుస్తాను. దుర్గయ్య సారు పోయి మూడు నెలలు దాటింది. సారు ఉన్న గదిలో నీ కుట్టుమిషన్ మళ్లీ పెట్టావని మరిపెడ తండా దేవ్యా చెప్పాడు. మంచిదే. ఎవరి పని వాళ్లు చేసుకోవాలి.

ఫోన్ చేయవచ్చు, కానీ సారు పెట్టిన పద్ధతి నీకు తెలుసు. "పాఠం నోట్లె ఉండాలె, పంచాయితి కాయితం మీద ఉండాలె" అనేవారు. పాఠం కాగితం మీద పెడితే మనిషి దాన్ని మోయడం మానేస్తాడట. తగాదా కాగితం మీద పెడితే, తిట్టినవాడే రేపు దాన్ని చదువుకోవలసి వస్తుందట. ముప్పై ఏళ్లు ఆయన దగ్గర బౌద్ధం నేర్చుకున్న మనలో ఒక్కరి దగ్గరా నోట్సు లేదు. తగాదాల ఉత్తరాలు మాత్రం సంచుల కొద్దీ ఉన్నాయి. ఇది పంచాయితీ కనుక ఉత్తరం రాస్తున్నాను.

మార్చి పదహారున, మూడో ఆదివారం, టేకుమట్లలో ధర్మేందర్ ఇంటి మేడ మీద సంగీతి పెడుతున్నాం. బుద్ధుడు పోయాక రాజగృహంలో ఐదువందల మంది భిక్షువులు కూర్చుని, ఆయన చెప్పిందంతా ఒక్క గొంతుతో వల్లించి ఖాయం చేశారు కదా. మనమూ సారు పాఠాలు నలభై అలాగే ఖాయం చేసుకోవాలి. చేసుకోకపోతే ఏమవుతుందో నీకు వేరే చెప్పాలా? రాజగృహం అయిన వందేళ్లకు వైశాలిలో మళ్లీ సభ పెట్టి, కొమ్ములో ఉప్పు దాచుకోవచ్చా కూడదా అని కొట్టుకున్నారు. ఆ తర్వాత స్థవిరులు ఒక దిక్కు, మహాసాంఘికులు ఒక దిక్కు. వాటిలోంచి పద్దెనిమిది శాఖలు. మనకు వందేళ్లు అక్కర్లేకపోయింది, మూడు నెలలు చాలింది. సారు మొదటి ఆదివారం మా జనగామలో, రెండోది మీ తొర్రూరులో, మూడోది టేకుమట్లలో ఒకే పాఠం చెప్పేవారు. ఇప్పుడు చూస్తే మూడు చోట్లా మూడు పాఠాలు. బస్సు ఎక్కి దిగేలోపు సారు మారలేదు. వినేవాళ్ల చెవులు అలాంటివి.

టేకుమట్లవాళ్ల సంగతి వదిలెయ్. పొద్దున్నే వాట్సాపులో బుద్ధుడి బొమ్మ కింద గులాబీ పువ్వు పెట్టి పంపేవాళ్ల దగ్గర నేను ఏమీ ఆశించను. మీ సంఘం గురించి మొహమాటం లేకుండా రాస్తాను. పదకొండో పాఠం, అంటే ఆ రాజగృహ సంగీతి పాఠం చివర మీరు ఒక మాట అదనంగా తగిలించారు. "ఐదువందల మంది లోపల కూసున్నరు. విన్నోడు గడప బయట నిలబడ్డడు. వాణ్ణి పిలిచేదాక సభ మొదలుగాలె." ఇది చరిత్ర కాదు, టీవీ సీరియల్ డైలాగు. నలుగురు కొంగుతో కళ్లు తుడుచుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఆ విన్నోడు, అంటే ఆనందుడు, పాతికేళ్లు బుద్ధుడి వెంట తిరిగాడు, నిజమే. "చిన్న చిన్న నియమాలు కావాలంటే తీసేయండి" అని బుద్ధుడు చెప్పినప్పుడు, ఏవి చిన్నవో అడగాలని కూడా తోచలేదు ఆ మనిషికి. అడగనివాడు పక్కన ఉండి ఏం లాభం? పెద్దలు అతన్ని బయట ఉంచారంటే కారణం ఉండే ఉంచారు. నన్నూ ఒకప్పుడు జనగామ పెద్దలు మూడు నెలలు గడప బయట కూర్చోబెట్టారు. నోరు మూసుకుని కూర్చున్నాను తప్ప ఎవరి దగ్గరా ఏడవలేదు.

సారు లాంటి మనిషి అలాంటి మాట అనరు. ఎవరు అతికించారో నేను అడగను, ఊహించగలను.

ఇక అసలు విషయం. చివరి ఐదు పాఠాలు, అంటే చైత్యకులు, పూర్వశైలులు, అపరశైలులు అని మన తెలుగు నేల మీద నిలిచిన శాఖల గురించి సారు చూపు పోయి ఊళ్లు తిరగడం మానేశాక మీ ఇంట్లోనే చెప్పినవి, నీకు తప్ప ఎవరికీ పూర్తిగా రావని ధర్మేందర్ అంటున్నాడు. వాటిని ఒక నోటుబుక్కులో రాసి పంపు. నువ్వు రానక్కరలేదు. చాప మీద కూర్చుని నేర్చుకున్నవాళ్లకే సంగీతిలో చోటు అని నిర్ణయించాం. నువ్వు వంట చేస్తూ విన్నావు. అది వినడం అవుతుంది గానీ నేర్చుకోవడం కాదు. నొచ్చుకోకు.

నీ మేలు కోరే అన్న,
సోమనర్సయ్య
విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు


తొర్రూరు,
17 ఫిబ్రవరి 2025

ప్రియమైన సోమనర్సన్నకు,

మీ ఉత్తరం అందింది. నొచ్చుకోవద్దని రాశారు కదా, మీ మాట ఎందుకు కాదనాలని నొచ్చుకోలేదు.

ముందు ఒక సంగతి సరిచేస్తాను. సారు గదిలో నేను మిషన్ మళ్లీ పెట్టలేదు. అది మొదటి నుంచీ అక్కడే ఉంది. పన్నెండేళ్ల కింద సారు మా ఇంట్లోకి కిరాయికి వచ్చిన రోజు, "మిషన్ తీసేస్త సార్" అన్నాను. "ఉండనియ్యమ్మా. చప్పుడుంటెనే నాకు పాఠం యాదికొస్తది" అన్నారు. పన్నెండేళ్లలో మీరు ఆ గదికి నాలుగుసార్లు వచ్చారు. నాలుగుసార్లూ కుర్చీ మీదున్న బట్టలు తీయమని నాకే చెప్పి కూర్చున్నారు. మిషన్ కనబడలేదంటే ఆశ్చర్యం లేదు.

ఆనందుడి మీద పెద్దలు మోపిన తప్పులు ఐదు. మీరు ఒకటి రాశారు. ఇంకొకటి మీలాంటివాళ్లకు గుర్తుండదు, నాకు ఉంటుంది. బుద్ధుడి వానాకాలం వస్త్రం కుడుతూ దాని మీద కాలు పెట్టాడని నేరం. ముప్పై ఏళ్లుగా గుడ్డ కుడుతున్నాను అన్నా. అవతలి కొస పట్టుకునే మనిషి లేనప్పుడు పొడవు గుడ్డను కాలితో తొక్కిపట్టకుండా ఎవ్వరూ కుట్టలేరు. ఆ ఐదువందల మంది మహానుభావుల్లో ఒంటరిగా కూర్చుని కుట్టినవాడు ఒక్కడూ లేనట్టుంది. అవతలి కొస పట్టుకోవడానికి ఎవరూ రాలేదు గానీ, కాలు పెట్టాడని చెప్పడానికి మాత్రం అందరూ వచ్చారు. ఈ మాట అంటే సారు దగ్గు వచ్చేదాకా నవ్వి, "కనకలక్ష్మీ, గిది ఏ పుస్తకంల లేదు" అన్నారు.

చాప మీద కూర్చోలేదన్నారు. ఆ చాపలు పరిచింది, మీరంతా లేచి పోయాక దులిపి చుట్టింది నేనే. నేను ఎక్కడ కూర్చోవాలో అప్పుడే చెప్పి ఉంటే ఒకటి ఎక్కువ పరుచుకునేదాన్ని.

పాఠాలు రాసి పంపమన్నారు. పాఠం కాగితం మీద పెట్టొద్దన్న సారు మాట మీ ఉత్తరంలో పైన ఉంది. కిందికి వచ్చేసరికి మీరే రాసి పంపమంటున్నారు. ఒక్క కాగితంలోనే మాట పైన నిలబెట్టి కింద పడగొట్టడానికి ఎంత చదువుకోవాలో నాకు తెలియదు. నేను రాయను. ఆ ఐదు పాఠాలు నా నోట్లో ఉన్నాయి. నోరు ఊడదీసి పోస్టులో వేయలేను కదా. పాఠాలు కావాలంటే నన్ను పిలవాలి.

ఆ అదనపు మాట నేను అతికించింది కాదు. నేను సారును చూడకముందే అది తొర్రూరు పాఠంలో ఉంది. మరిపెడ తండా దేవ్యాకు ఇరవై ఏళ్లకు పైగా వచ్చు. టేకుమట్లలోనూ అంటారు. లేనిది ఒక్క జనగామలోనే. ఎందుకు లేదో అడిగితే చెబుతాను. అడగకుండా చెప్పొద్దని సారు నాతో మాట తీసుకున్నారు.

మీ చెల్లె,
కనకలక్ష్మి
కుట్టుపని, ఇంకా విశ్రాంతి లేదు


జనగామ,
24 ఫిబ్రవరి 2025

ప్రియమైన చెల్లెకు,

నీకు నోరు బాగానే వచ్చింది. సారు నేర్పిన నలభై పాఠాలలో అది మాత్రం లేదు.

నేను నిన్ను అడగాలా? ఇరవై తొమ్మిదేళ్లు కాలేజీలో చరిత్ర చెప్పాను. జనగామ సంఘం మొదలైంది తొంభై రెండులో, మీ తొర్రూరులో ఎవరికీ సంగీతి అంటే పాటలా సభా అన్నది కూడా తెలియని రోజుల్లో. మొదటి రోజు మొదటి చాప మీద కూర్చున్నవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే. నా జ్ఞాపకం మీద ఇంతవరకు ఎవరికీ అనుమానం రాలేదు. సారు నాతో అనని మాట, బ్లౌజులు కత్తిరించే గదిలో ఎవరితోనో అన్నారంటే నేను నమ్మాలా?

సారుకు అన్నం పెట్టావు, మందులు వేశావు, కళ్లు కనబడనప్పుడు చేయి పట్టి నడిపించావు. అందుకు నీకు దండం పెడతాను. అది వేరు, విద్య వేరు. రెండూ కలిపితే ఆస్పత్రి ఆయాలందరూ డాక్టర్లు కావాలి.

సంగీతి పద్ధతి సారుదే. అందరూ ఒకేసారి మొదలుపెట్టాలి, ఒకేసారి ఆపాలి. ఒక్క గొంతు తప్పినా పాఠం మళ్లీ మొదటికి రావాలి. పదకొండో పాఠం జనగామ ఆపిన చోటే ఆగుతుంది. ఇక నీ ఐదు పాఠాల సంగతి. రాసి పంపనంటే పంపకు. సారువి ముప్పై అయిదు పాఠాలే అని అక్కడ తీర్మానం చేస్తాం. ఎవరూ ఒప్పజెప్పని పాఠం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. పదేళ్లు పోతే పూర్వశైలులు అనే మాట ఈ మూడు ఊళ్లలో ఒక్కరి నోటా ఉండదు. ఆ పుణ్యం నీదే.

నీ అన్న,
సోమనర్సయ్య


తొర్రూరు,
5 మార్చి 2025

ప్రియమైన అన్నకు,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది. రెండోసారి ఆయాల మాట దగ్గర నవ్వొచ్చింది. దవాఖానలో వారం రోజులు సారు పక్కన ఉన్నది ఒక ఆయా, నేను. డాక్టరును చూసింది రెండుసార్లు.

నేను రాను. పిలవని సభకు పోయి తలుపు దగ్గర నిలబడే ఓపిక లేదు. పెళ్లిళ్ల రోజులు, పని కుప్ప పడి ఉంది. దేవ్యా వస్తాడు. మా తొర్రూరు నుంచి మరో అయిదుగురు వస్తారు. వాళ్లు చాప మీద కూర్చున్నవాళ్లే, మీకు బెంగ అక్కర్లేదు.

ఐదు పాఠాలు రోజూ మిషన్ తొక్కుతూ అనుకుంటున్నాను. మీరు లేవని తీర్మానం చేసినా అవి పోవు. నేను పోతే పోతాయి. ఆ భయమే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

మీ చెల్లె,
కనకలక్ష్మి


జనగామ,
24 మార్చి 2025

ప్రియమైన చెల్లె కనకలక్ష్మికి,

దేవ్యా నీకు అంతా చెప్పే ఉంటాడు. అయినా నా నోట వినడం మర్యాద అనుకుని రాస్తున్నాను.

ధర్మేందర్ మేడ ఎక్కగానే ఒక ఫ్లెక్సీ. అందులో ధర్మేందర్ నిలువెత్తు బొమ్మ, చేతులు జోడించి. బుద్ధుడు అతని భుజం దాకా వచ్చాడు. సారు బొమ్మ ఒక మూల, పాస్‌పోర్టు సైజులో. "ఎట్లుంది సార్?" అని అతనే అడిగాడు. "మంచిగున్నది. బుద్ధుడు ఎవరో అడుగుతె చూపియ్యి" అన్నాను. అతనికి అర్థం కాలేదు, సంతోషపడ్డాడు.

ఇరవై ముగ్గురం కూర్చున్నాం. పది పాఠాలు బాగానే సాగాయి. పదకొండో పాఠం చివర మా జనగామవాళ్లం ఏడుగురం ఆపాం. మిగిలిన పదహారు గొంతులూ ఆ మాట అనేసి ఆగాయి. పద్ధతి ప్రకారం మళ్లీ మొదటికి వచ్చాం. మళ్లీ అదే. మూడోసారి నేను చేయి ఎత్తి అడ్డం పెట్టినా ఆగలేదు.

"సార్, మీరే ఒక్క మాట ఎక్కువ అంటె ఒడిసిపాయె గద?" అన్నాడు ధర్మేందర్. అతనికి అవతల బిర్యానీ చల్లారిపోతున్నదని బాధ.

"లేని మాట ఎట్ల అనాలెనయ్యా?" అన్నాను.

అప్పుడు దేవ్యా లేచాడు. తండాలో మిరపతోట చేసుకునే మనిషి, సంతకం తప్ప రాత రాదు. చేతులు కట్టుకుని, "పెద్దలు మంచిగనే చదివిండ్రు సార్. నేను మాత్రం సారు నోట ఎట్ల విన్ననో గట్లనే పట్టుకుంట" అన్నాడు. అంతే, చెప్పులేసుకుని మెట్లు దిగాడు. రాజగృహంలో సభ అయిపోయాక ఆలస్యంగా వచ్చిన పురాణుడనే భిక్షువు అన్న మాట అది. ఐదువందల మంది ఒప్పుకున్నదాన్ని ఒప్పుకోనన్న మొదటి మనిషి మాట. దేవ్యా దాన్ని తెలిసే అన్నాడు. ఆ కథ ఉన్న పన్నెండో పాఠం అతనికి నాకన్నా బాగా వచ్చు.

అతని వెనక మీ తొర్రూరువాళ్లు దిగిపోయారు. మిగిలినవాళ్లతో ముప్పై అయిదు దాకా లాగాను. ఆ తర్వాత నేను లేచి, సారు పాఠాలు ఇంతటితో సమాప్తం అన్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. టేకుమట్ల రాములమ్మ, పత్తి ఏరే మనిషి, డెబ్బై ఏళ్లుంటాయి, గోడకు ఆనుకుని కూర్చునే అడిగింది. "మరి గా ఐదు పాఠాలు సారు గాలికి చెప్పిండా?"

నేను అందరినీ బిర్యానీకి లేవమన్నాను. ఇది నీకు రాయడం నాకు ఎంత కష్టమో నువ్వు ఊహించుకుని సంతోషపడవచ్చు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా వెనక సీటులో మా జనగామవాళ్లే ఇద్దరు ఆ మాట నెమ్మదిగా అనుకుంటున్నారు. "నోటికి మంచిగ పడుతున్నది" అని ఒకడు. నా సంఘం, నా వెనక సీటు! ఇరవై ఏళ్లు నేను కష్టపడి నేర్పితే రాని శ్రద్ధ, పదహారు మంది మూడుసార్లు అంటే వచ్చేసింది.

ఇల్లు చేరాక వారం రోజులు నా పుస్తకాలన్నీ తిరగేశాను. ఆనందుణ్ణి బయట ఉంచిన కథ అన్నిట్లో ఉంది. ఆ మాట ఆ తీరులో ఎందులోనూ లేదు. అతికించినవాళ్లు మీరు కారని దేవ్యా ముఖం చూసినప్పుడే తెలిసింది. ఆ మనిషికి అబద్ధం చెప్పేంత ఓపిక లేదు.

కనుక అడుగుతున్నాను. గెలిచానని విర్రవీగకుండా చెప్పు. ఆ మాట సారుకు ఎక్కడ దొరికింది? జనగామలో ఎందుకు చెప్పలేదు?

సోమనర్సయ్య


తొర్రూరు,
29 మార్చి 2025

ప్రియమైన సోమనర్సన్నకు,

అడిగారు. ఇక నా మీద బరువు లేదు.

సారు దగ్గర ఒక రేకు పెట్టె ఉండేది. మూడు ఊళ్ల పంచాయితీ ఉత్తరాలన్నీ అందులో వేసేవారు. చూపు పోయాక అప్పుడప్పుడు ఒకటి తీయించి నా చేత చదివించుకునేవారు. అందులో ఒకటి ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. దాన్ని ఈ ఉత్తరంతో కలిపి పంపుతున్నాను. నకలు కాదు, అసలుదే. కాగితం మడతల దగ్గర చిరుగుతోంది, మెల్లగా విప్పండి. చత్వారంతో మీకు కనబడుతుందో లేదో అని కింద తిరిగి రాస్తున్నాను.

"జనగామ, 3 ఆగస్టు 1997.
గౌరవనీయులైన దుర్గయ్య సారుకు నమస్కారాలు. జ్ఞానం పొందిన అర్హతులకు కూడా అనుమానాలు ఉంటాయని మహాదేవుడనే భిక్షువు అన్నాడని మీరు పాఠం చెప్పారు. మన పెద్దలకూ ఉండవచ్చు కదా అని నేను అన్నాను. అంతమాత్రానికి వాళ్లు నన్ను మూడు నెలలు గడప బయట కూర్చోమన్నారు. మీరు కాదనలేదు. వాన పడుతుంటే చూరు కింద కూర్చుని పాఠం విన్నాను సార్. నిన్న మీరు లేనప్పుడు యూనివర్సిటీ నుంచి ఒకాయన వచ్చి, పాటలీపుత్రం సంగీతిలో పెద్దగా కూర్చున్నది ఎవరని అడిగితే, లోపల ఉన్న పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి బయటికి వచ్చి నన్ను పిలిచారు. మొగ్గలిపుత్త తిస్సుడు అని చెప్పాను. వాళ్లు నాకు మంచినీళ్లు కూడా ఇవ్వకుండా మళ్లీ బయటికి పంపారు. రాజగృహంలో జరిగింది ఇదే కదా సార్? ఐదువందల మంది లోపల కూర్చున్నారు. విన్నవాడు గడప బయట నిలబడ్డాడు. వాణ్ణి పిలిచేదాకా సభ మొదలుకాలేదు. నేను ఇక రాను. ఇంటికి వచ్చి చాలాసేపు ఏడ్చాను. మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకే రాస్తున్నాను.
ఇట్లు, సోమనర్సయ్య."

మీరు ఆరు నెలలు అలిగి పాఠానికి పోలేదట. ఆ ఆరు నెలల్లో సారు మీ మాటను పదకొండో పాఠం చివర పెట్టారు, తొర్రూరులో, టేకుమట్లలో. జనగామలో పెట్టలేదు. ఎందుకని నేనూ అడిగాను. సారు అన్నది అన్నట్టు రాస్తున్నాను. "వాని మాట వానికే పాఠం జేసి చెప్తె, వాడు ఇంకెవ్వని మాట వినడు. తెలివిగల్లోడు, గర్వం జర ఎక్కువ. ఒకనాడు వాడే అడుగుతడు. అడిగిననాడు కాయితం ఇయ్యి. అప్పటిదాక నోరు దెరువకు." మీరు ఏడాదిలో అడుగుతారని సారు అనుకున్నారు పాపం. మీరు ఎప్పుడు తొర్రూరు వచ్చినా, వెళ్లిపోయాక "అడిగిండా?" అని నన్ను అడిగేవారు. దవాఖానలో కూడా ఒకసారి అడిగారు.

అన్నా, ఫిబ్రవరిలో మీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే పెట్టె తెరిచాను. ఈ కాగితం కవరులో పెట్టి, మీ చిరునామా కూడా రాశాను. ఒక్క దెబ్బకు మీ నోరు మూతపడేది. ఆయాల మాట చదివినప్పుడు మళ్లీ ఆ కవరు చేతిలోకి తీసుకున్నాను. నాకు మీ మీద అంత కోపం ఉంది, ఇప్పటికీ ఉంది. సారుకు ఇచ్చిన మాట ఒక్కటే నన్ను ఆపింది. మీ మీద గౌరవం అనుకోకండి.

మీరు సీరియల్ డైలాగు అన్నది ఒక ముప్పై ఏడేళ్ల మనిషి వానలో కూర్చుని రాసుకున్న మాట. ఆ మనిషి నాకు ఇష్టం. ఆయన ఉత్తరం చదివినప్పుడల్లా, ఈయనను చూస్తే బాగుండు అనుకునేదాన్ని. మీరు నాలుగుసార్లు వచ్చారు గానీ ఆయన రాలేదు.

మీ చెల్లె,
కనకలక్ష్మి


జనగామ,
7 ఏప్రిల్ 2025

ప్రియమైన చెల్లె కనకలక్ష్మికి,

నాలుగైదు రోజులు నీకు ఉత్తరం మొదలుపెట్టి చింపేశాను. ఎక్కడా నా మీద నాకు సరిపడా తిట్టు కుదరలేదు. ఇతరులను తిట్టడానికి నలభై ఏళ్లు పోగుచేసిన మాటలన్నీ నా దగ్గర ఉన్నాయి. నాకే వాడదామంటే చిన్నవైపోయాయి.

ఆ ఉత్తరం నాది. అక్షరం నాది, సంతకం నాది. రాసిన గుర్తు మాత్రం లేదు. నోరు మూసుకుని కూర్చున్నానని, ఎవరి దగ్గరా ఏడవలేదని నీకు గొప్పగా రాశాను కదా. అది అబద్ధం అని కూడా నాకు తెలియదు. నేను అలాగే జరిగిందని నమ్ముతూ వచ్చాను. నా జ్ఞాపకం మీద ఎవరికీ అనుమానం లేదని కూడా రాశాను. నా ఫిబ్రవరి ఉత్తరాలు నీ దగ్గర ఉంటే ఉండనీ. పంచాయితీ కాగితం మీద ఎందుకు పెట్టాలని సారు అన్నారో ఇప్పుడు తెలిసింది.

ఏవి చిన్న నియమాలో అడగలేదని ఆనందుణ్ణి వెక్కిరించాను. చూపు ఉన్నన్నాళ్లూ ప్రతి నెలా సారు నా ఎదురుగా కూర్చున్నారు. మిగతా రెండు ఊళ్లలో ఏం చెబుతున్నారని నేను ఒక్కసారి అడగలేదు. నాకు చెప్పిందే పాఠం, మిగిలిందంతా చిల్లర అనుకున్నాను. దవాఖానలో సారు "అడిగిండా" అన్నారని రాశావు. ఆ ఒక్క ముక్క నువ్వు రాయకుండా ఉంటే నాకు నిద్ర పట్టేది. రాసినందుకు నిన్ను ఏమీ అనలేను.

నిన్న మొదటి ఆదివారం. జనగామలో పదకొండో పాఠం చివర ఆ మాట చేర్చి చెప్పించాను. మా మహీధర్, బ్యాంకులో పనిచేసే పిల్లవాడు, అందరి ముందూ అడిగాడు. "సార్, గిది సీరియల్ డైలాగ్ అంటిరి గద?"

"అన్న. తప్పన్న" అన్నాను.

"మరి ఎవలన్న మాట సార్ ఇది?"

నాదేనని నాలుక చివరి దాకా వచ్చింది. సారు భయపడ్డది దీనికే కదా. "వానల తడిసినోడెవడో అన్నడు. సారు నిలబెట్టిండు. తొర్రూరోళ్లు కాపాడిండ్రు" అని చెప్పి, మళ్లీ మొదటి నుంచి అనమన్నాను. ఏడు గొంతులూ ఒకేచోట ఆగాయి.

వచ్చే ఆదివారం, రెండో ఆదివారం, నేను తొర్రూరు వస్తున్నాను. సభ కోసం కాదు. ఆ ఐదు పాఠాలు నేర్చుకోవడానికి. నువ్వు మిషన్ తొక్కుతూనే చెప్పు, నేను వెనక అంటాను. నోటుబుక్కు తేను. నా వయసుకు ఒక పాఠం నోటికి రావడానికి రెండు నెలలు పడుతుంది, ఐదింటికి ఏడాది. అవి నా ఒక్కడికే కాదు, దేవ్యాకూ రాములమ్మకూ నువ్వే చెప్పాలి. నీ ఒక్కదాని నోట్లో ఉంచి నిన్ను భయపడనివ్వడం మా అందరికీ సిగ్గు.

నీ మాటలు నన్ను చాలా నొప్పించాయి. నొప్పించినవన్నీ నిజమే. కోపం తగ్గించుకోమని అడగను. ఉండనీ. వచ్చినప్పుడు కుర్చీ మీది బట్టలు తీయొద్దు, చాప నేనే పరుచుకుంటాను.

పొద్దున ఎనిమిది గంటల బస్సుకు వస్తాను. నువ్వు పిలిచేదాకా గడప బయటే నిలబడతాను. మోకాళ్లు బాగాలేవు చెల్లే, జర తొందరగా పిలువు.

నీ అన్న,
సోమనర్సయ్య